వంటల పుస్తకానికీ గిట్టుబాటు ధర ఉండాలి

ఈసారి సంక్రాంతి తరువాత జరిగే మండల వ్యవసాయ ప్రదర్శనకు మళ్ళీ వంటల పుస్తకం వేద్దామని మా మండల కమిటీలో ప్రతిపాదన వచ్చింది. సగం మంది వద్దన్నారు. "పోయినసారి చేతులు కాల్చుకున్నాం, చాలదా?" అన్నారొకరు. "ధరల కోసం కొట్లాడాల్సిన సంఘానికి పోపుల పెట్టెతో ఏం పని?" అన్నారింకొకరు. పోయినసారి ఆ పుస్తకం బాధ్యత నెత్తిన వేసుకున్నవాణ్ణి నేనే. కాబట్టి ఈ విషయంలో మాట్లాడాల్సిన బాధ్యతా నాదే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పుస్తకం వేయాలి. అయితే పోయినసారి వేసినట్టు వేయకూడదు. ఏ తప్పులు చేశామో దాచుకోకుండా రాస్తున్నాను. అనంతపురంలోనే కాదు, ఏ జిల్లాలో ఏ మండల కమిటీ ఈ పనికి దిగినా మేం పడిన గుంతలో పడకుండా ఉంటుందని నా ఆశ.

పుస్తకం ఎందుకు వేశాం

మొదటి ఏడాది ప్రదర్శనలో మన సంఘం స్టాల్లో విత్తనాలు పెట్టాం. కొర్ర, సామ, అరికె, సద్ద, ఉలవ, అలసంద, అనప అన్నీ చిన్న గిన్నెల్లో పోసి, పేర్లు రాసి, వరుసగా సర్దాం. బండలాగుడు చూడడానికి వచ్చిన జనం అటువైపు తిరిగి కూడా చూడలేదు. రెండో ఏడాది మా ఊరి ఆడవాళ్ళు పొయ్యి పెట్టారు. కొర్రన్నం, ఉలవ చారు, సద్ద రొట్టె, ఊరుబిండి. మధ్యాహ్నానికల్లా గిన్నెలు ఖాళీ. తిన్నవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, "ఎట్ల చేసినారమ్మా?" రెండో ప్రశ్న, "ఈ బియ్యం యాడ దొరుకుతాయి?"

ఆ రెండు ప్రశ్నలే పుస్తకానికి మూలం. గిన్నెలో పోసిన గింజను చూసి ఎవరూ కొనరు. తిన్నాక ఒకసారి కొంటారు. వండడం తెలిస్తే మళ్ళీ మళ్ళీ కొంటారు.

ధరల పోరాటం వదిలి వంటల వెంట పడ్డామనే మాటకు ఇక్కడే జవాబు చెప్పాలి. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరల్లో రాగులకు క్వింటాకు 4,886 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699, సజ్జకు 2,775 ఉన్నాయి. కొర్ర, సామ, అరికె, ఊద ఆ జాబితాలోనే లేవు. 2023ను ప్రపంచమంతా అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. సభలు జరిగాయి, ఫొటోలు పడ్డాయి, ఏడాది గడిచిపోయింది. కొర్ర మాత్రం జాబితాకు ఎక్కలేదు. దాన్ని ఎక్కించడానికి ధర్నా చేయాల్సిందే, చేస్తూనే ఉంటాం. వంటల పుస్తకం ధర్నాకు బదులు కాదు. పుస్తకం అమ్మినంత మాత్రాన కొర్రకు మద్దతు ధర రాదు. కానీ కొర్ర వండడం తెలిసిన ఇళ్ళు పెరిగితే, "ఈ పంట ఎవరు తింటారయ్యా?" అని అధికారి అడిగినప్పుడు మన నోట మాట ఉంటుంది.

మొదటి తప్పు: ఖర్చు కన్నా తక్కువకు అమ్మాం

64 పేజీలు, అంటే నాలుగు ఫారాలు. లోపల నలుపు తెలుపు, అట్ట రంగుల్లో. 500 కాపీలకు ప్రెస్సు వాళ్ళు 22,000 రూపాయలు తీసుకున్నారు. కాపీకి 44 పడింది. మేం పెట్టిన వెల 30. "రైతులు కొనాలి కదా, తక్కువ పెడదాం" అన్నారు అందరూ. నేనూ తలూపాను.

ఇక పంపిణీ. అధికారులకు, నాయకులకు, వేదిక మీద కూర్చున్నవాళ్ళకు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళకు కలిపి 150 కాపీలు ఊరికే ఇచ్చేశాం. అమ్ముడుపోయినవి 260. మిగిలిన 90 సంఘం ఆఫీసులో బీరువా మీద పెడితే వానాకాలంలో చెమ్మ పట్టి అట్టలు ఊడాయి. అమ్మకం మీద వచ్చింది 7,800. వెనక అట్ట మీద ఒక కంపెనీ ప్రకటనకు 10,000. మొత్తం 17,800. నష్టం 4,200.

ఈ లెక్కలో అసలు ఖర్చు లేనే లేదు. నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళు పని మానుకుని చెప్పిన రోజులు లేవు. వండి చూపించడానికి వాళ్ళ ఇళ్ళ నుంచే తెచ్చిన పప్పు, నూనె, కట్టెలు లేవు. మనం ఏమంటాం? పెట్టుబడి ఖర్చులతో పాటు ఇంటిల్లిపాది చేసే శ్రమకు కూలీ కట్టాలి, సొంత భూమికి కౌలు లెక్కేయాలి, దాని మీద సగం కలిపి ధర ఇవ్వాలి అంటాం. స్వామినాథన్ కమిషన్ పేరు చెప్పి ఎన్ని సభల్లో మాట్లాడలేదు? తీరా మన చేతికే వెల నిర్ణయించే అవకాశం వచ్చినప్పుడు ఏం చేశాం? ఆడవాళ్ళ కూలీ సున్నా వేసి, ప్రెస్సు ఖర్చు కన్నా తక్కువకు అమ్మాం. ప్రభుత్వం మనకు చేసే అన్యాయం మనం మన ఇంటి ఆడవాళ్ళకు చేశాం.

రెండో తప్పు: పేర్లు వేయలేదు

పుస్తకం రెండో పేజీలో మండల కమిటీ ఫొటో ఉంది. పదకొండు మందిమి, అందరమూ మగవాళ్ళమే. చివరి పేజీలో "సహకరించిన మహిళలకు ధన్యవాదాలు" అని ఒక ముక్క. ఎవరు ఆ మహిళలు? ఏ వంట ఎవరిది? ఎక్కడా లేదు.

ఇలాంటి పుస్తకాలు మనకు కొత్త గానీ, వేరే దేశాల్లో పాతవే. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో ఫిలడెల్ఫియాలో జరిగిన పెద్ద ప్రదర్శనలో గాయపడిన సైనికుల సహాయం కోసం వంటల పుస్తకం అమ్మారు. ఆస్ట్రేలియాలో ద్రాక్ష తోటలకు పేరున్న బరోసా లోయలో 1917లో ఊరి ఆడవాళ్ళ వంటలు పోగు చేసి పుస్తకం వేశారు. సైనికుల కోసం నిధి పోగుచేయడానికి మొదలైన ఆ పుస్తకం వందేళ్ళు దాటినా ఇంకా బతికే ఉంది. అక్కడి వ్యవసాయ ప్రదర్శనల్లో వంటల పోటీలు, ఆడవాళ్ళ సంఘాల స్టాళ్ళు ఇప్పటికీ పెద్ద ఆకర్షణ. అయితే ఆ కాలపు పుస్తకాల్లో చాలాచోట్ల ఆడమనిషి సొంత పేరు ఉండేది కాదు. భర్త పేరుకు ముందు మిసెస్ అని తగిలించేవారు. మనం ఆ మాత్రం కూడా వేయలేదు.

మన దగ్గరి ఉదాహరణ ఇంతకన్నా మేలు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏటా సంక్రాంతికి మొదలుపెట్టే పాత పంటల జాతరలో ఎడ్ల బండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. ఆ విత్తనాలను కాపాడేది, వాటి గురించి జనం ముందు మాట్లాడేది మహిళా రైతులే. వెనక నిలబడి వడ్డించడానికి రాలేదు వాళ్ళు.

పేరు అనేది అలంకారం కాదు. మన ఊళ్ళలో విత్తనం నాటి, కలుపు తీసి, కోసి, నూర్చి, తూర్పారబట్టే మనిషి పేరు పట్టాదారు పాసుపుస్తకంలో చాలా ఇళ్ళలో ఉండదు. పాసుపుస్తకంలో పేరు లేకపోతే ఆఫీసుల్లో ఆమె రైతు కాదు. 2026ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. దాని మీద మనం కూడా సభలు పెడతాం, సందేహం లేదు. దానికన్నా ముందు, మనం వేసే పుస్తకంలో ఆమె పేరు, ఊరు, పండించే పంట రాసి, పేరు పక్కన "రైతు" అని అచ్చు వేద్దాం. ఇది మన చేతిలో ఉన్న పని. దీనికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

మూడో తప్పు: వెనక అట్ట అమ్ముకున్నాం

పుస్తకంలో ఆకుకూరల అధ్యాయం అందరికీ నచ్చింది. గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు వంటివి ఎవరూ విత్తకుండా చేలల్లో, గట్ల మీద మొలిచేవి. వాన పడ్డ పది రోజులకు ఏవి లేతగా ఉంటాయో, ఏది పప్పులో వేయాలో, ఏది ఉడికించి నీళ్ళు వంపాలో మా ఊరి పెద్దమ్మ ఒకామె రెండు మధ్యాహ్నాలు కూర్చుని చెప్పింది. ఆమెకు చదువు రాదు. పుస్తకం చేతికిచ్చినప్పుడు తిప్పి తిప్పి చూసింది. వెనక అట్ట మీద బొమ్మ చూసి, "ఇది ఏం డబ్బా నాయనా?" అని అడిగింది.

కలుపు మందు డబ్బా. శెనక్కాయ చేలల్లో కొట్టేది.

"లోపల గురుగాకు ఎట్ల వండాలో చెప్పిస్తిరి. ఎనక అట్ట మీద దాన్ని సంపే మందు ఏస్తిరి. ఇది తినమనా, సంపమనా?" అంది ఆమె.

నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ పదివేలు లేకపోతే నష్టం ఇంకా పెరిగేది, నిజమే. కానీ ఆ పదివేలకు మనం ఇచ్చింది ఒక్క అట్ట కాదు, సంఘం మాట. కూలీలు దొరకని రోజుల్లో కలుపు మందు కొట్టే రైతును నేను తప్పుపట్టడం లేదు, నేనూ కొట్టినవాణ్ణే. సొంత చేలో అవసరం కొద్దీ కొట్టడం వేరు, సంఘం పేరుతో వేసిన పుస్తకం మీద దానికి ప్రచారం చేయడం వేరు.

నాలుగో తప్పు: సరిగా రాయలేదు

"గ్లాసు కొర్రలకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి ఉడికించాలి" అని అచ్చు వేశాం. పట్నం నుంచి వచ్చి పుస్తకంతో పాటు కిలో కొర్రలు కొన్న ఒకావిడ, వాటిని అలాగే కడిగి పొయ్యి మీద పెట్టింది. పొట్టు తీయని గింజ ఎంతసేపు ఉడికినా ఏమవుతుంది? మా ఊరి వాళ్ళకు కొర్రలంటే కొర్ర బియ్యమేనని వేరే చెప్పనక్కర్లేదు. పట్నం ఆవిడకు చెప్పాలి కదా. పుస్తకం కొనేది తెలియనివాళ్ళే. తెలిసినట్టు రాస్తే ఎవరికి పనికొస్తుంది?

కొలతల సంగతి చెప్పనే వద్దు. ఒకామె సోలతో చెప్పింది, ఒకామె స్టీలు గ్లాసుతో, ఇంకొకామె చారెడు, పుడిసెడు అని చేతి కొలతతో. అన్నీ గ్లాసులు చేసి రాసేశాం. ఉప్పు, కారం దగ్గరకు వచ్చేసరికి అంతటా "తగినంత".

అన్నిటికన్నా పెద్ద తప్పు అరికెల దగ్గర జరిగింది. తడిసి బూజు పట్టిన అరికెలు తింటే మత్తు కమ్మి, తల తిరిగి, వాంతులవుతాయి. బాగా ఎండిన గింజనే వాడాలి. ఈ మాట చెప్పినామె ఒకటికి రెండుసార్లు చెప్పింది. డీటీపీ చేసేటప్పుడు పేజీ సరిపోక, ఇది వంట కాదు కదా అని తీసేశాం. వంట తెలిసిన మనిషి మొదట చెప్పిన మాటనే మనం తీసేశాం. ప్రూఫులు ఆమెకు చదివి వినిపించి ఉంటే ఆ తప్పు జరిగేది కాదు.

ఈసారి ఎలా వేయాలి

నా ప్రతిపాదన ఇది.

80 పేజీలు, 40 వంటలు, 600 కాపీలు. వంట చెప్పిన ప్రతి రైతుకు 200 రూపాయలు, ఒక పుస్తకం. నలుగురు ఆడవాళ్ళు నాలుగు రోజులు కూర్చుని ప్రతి వంటా ఒకే సోలతో, పక్కన తూకంతో వండి చూడాలి. రోజుకు 400 కూలీ. లెక్క ఇలా వస్తుంది: ప్రెస్సుకు 26,000, డీటీపీ, ప్రూఫులకు 4,000, వంటలకు 8,000, వండి చూసే కూలీ 6,400, సరుకులు 1,600, రవాణా 2,000. మొత్తం 48,000. కాపీకి 80. దాని మీద సగం కలిపితే 120. అదే వెల.

నూట ఇరవై ఎక్కువ అనేవాళ్ళుంటారు. ఒక పూట హోటల్లో భోజనం చేస్తే పోయే డబ్బు అది. ధర తగ్గించి అమ్మితే జనానికి మేలు చేసినట్టు మనకు అనిపిస్తుంది, కానీ ఆ తగ్గింపు ఎవరి కూలీ నుంచి వస్తుందో చూడాలి. అమ్మినామెకు కాపీకి 10 రూపాయలు కమీషన్ ఇస్తే సంఘానికి 110 మిగులుతుంది. వంట చెప్పినవాళ్ళకు ఇచ్చే 40 పోను 560 అమ్మాలి. 437 కాపీలు అమ్ముడైతే ఖర్చు తేలుతుంది. అన్నీ అమ్మితే 13,600 మిగులు. ఊరికే ఇచ్చే కాపీలు లేవు. వేదిక మీద కూర్చునే పెద్దలైనా సరే, స్టాలు దగ్గరకు వచ్చి కొనుక్కోవాలి. అచ్చుకు ఇచ్చే ముందే ఊరూరా పేర్లు రాసుకుని సగం డబ్బు తీసుకుందాం. ముందుగా 300 పేర్లు రాకపోతే అచ్చు ఆపేద్దాం. అప్పుల పాలై పుస్తకం వేయాల్సిన పని లేదు.

పుస్తకాన్ని ఒంటరిగా అమ్మకూడదు. పక్కనే అర కిలో కొర్ర బియ్యం, సామ బియ్యం పొట్లాలు పెట్టాలి. ఎక్కడ దొరుకుతాయో వెనక పేజీలో రాయాలి. మొదటి అధ్యాయం వంటతో మొదలవకూడదు. గింజ ఎలా ఆరబెట్టాలి, పొట్టు ఎలా తీయాలి, ఏ ఊళ్ళో మర ఉంది, ఎంతసేపు నానబెట్టాలి అన్నవి ముందు రావాలి. మిగులు డబ్బు పొట్టు తీసే మిషను కోసం వేరే ఖాతాలో వేయాలి. పదమూడు వేలకు మిషను రాదని నాకు తెలుసు, కానీ ఆ ఖాతాలో పడే మొదటి డబ్బు ఆడవాళ్ళ చేతి వంట సంపాదించినదవుతుంది. రోట్లో దంచే కష్టం కూడా వాళ్ళదే కదా.

ప్రకటనలు తీసుకోవచ్చు. ఊరి నూనె గానుగ, పిండి మర, విత్తనం అమ్మే పొదుపు సంఘం, కుండలు చేసేవాళ్ళు. పురుగు మందులు, కలుపు మందులు అమ్మేవాళ్ళవి వద్దు. పుస్తకం హక్కులు కమిటీవి కాదు, వంటలు చెప్పినవాళ్ళ ఉమ్మడి పేరు మీద ఉండాలి. ఎవరైనా తిరిగి అచ్చు వేయాలన్నా, ఫోన్లో వీడియోలు చేసుకోవాలన్నా వాళ్ళను అడగాలి. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, తీసుకుందాం. పుస్తకాల అమ్మకం మీద జీఎస్టీ కూడా లేదు.

"ఇవన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా?" అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. కొర్రలతో ఉప్మా, జీడిపప్పు వేసిన పాయసం ఉన్నాయి. మా పెద్దమ్మ గురుగాకు లేదు. వాన పడ్డ పదో రోజు అనే మాట లేదు. ఆమె తరం పోతే ఆ మాట ఎవరు చెప్తారు?

పోయిన వారం ఆమె దగ్గరకు వెళ్ళి ఈసారి కూడా వంటలు చెప్తావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "చెప్తా. పేరెయ్యి. ఎనక అట్ట నాకు సూపించినాకే అచ్చెయ్యి" అంది.

ఆ రెండు షరతులూ, పైన రాసిన లెక్కా కలిపి వచ్చే మండల సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా పెడుతున్నాను. వద్దనేవాళ్ళు వద్దనండి, కానీ లెక్క చూసి వద్దనండి. ఒక్క కోరిక: ఆ రోజు సమావేశానికి వంటలు చెప్పిన ఆడవాళ్ళనూ పిలుద్దాం. వాళ్ళ పుస్తకానికి వెల ఎంత ఉండాలో వాళ్ళూ ఓటు వేయాలి.